మా ప్లాజాలో గంజాయి కొట్టు పెడతామంటున్నారు, అద్దెకివ్వమంటారా?

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి అవి వదిలేసి సంగతి చెబుతాను.

ఆయనకు నలభై ఆరేళ్లు. భార్య, పదహారేళ్ల కూతురు. ముగ్గురికీ గ్రీన్ కార్డులు వచ్చి నాలుగేళ్లు దాటింది, వచ్చే ఏడాది సిటిజన్‌షిప్‌కు అప్లై చేద్దామని చూస్తున్నారు. భార్య అక్కగారి భర్త, అంటే ఈయన పెద్ద తోడల్లుడు, ఎప్పుడో సిటిజన్ అయిపోయాడు. ఇద్దరూ కలిసి బ్యాంకు లోను మీద హైవే పక్కన ఐదు షాపుల చిన్న ప్లాజా కొన్నారు, చెరి సగం. చివరి షాపులో ఉన్న ఫర్నిచర్ వాళ్లు ఖాళీ చేసి ఏడాదైంది, ఇంకెవరూ రాలేదు. దాని పక్క షాపులో ఒక తెలుగావిడ పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెబుతుంది, శనివారాలు కూచిపూడి నేర్పిస్తుంది.

వాళ్ల టౌన్‌షిప్, అంటే ఊరి స్థానిక ప్రభుత్వం, 2021లో గంజాయి దుకాణాలు మాకొద్దని ఆర్డినెన్స్ (ఊరి కౌన్సిల్ చేసే స్థానిక చట్టం) చేసింది. ఇప్పుడు కౌన్సిల్ మనసు మార్చుకుంది, హైవే జోన్‌లో రెండు దుకాణాలకు చోటిస్తూ కొత్త ఆర్డినెన్స్ పెట్టింది. కౌన్సిల్‌లో ప్రవేశపెట్టే మొదటి రీడింగ్ అయిపోయింది, ఓటుకు పెట్టే రెండోది త్వరలో ఉంది. ఈ కబురు బయటికి రాగానే ఒక కంపెనీ మనిషి ప్లాజాకు వచ్చి వాలాడు. వాళ్లకు రాష్ట్రం ఇచ్చిన కండిషనల్ లైసెన్స్ (చోటు, ఊరి అనుమతి దొరికాకే పూర్తిదయ్యే తాత్కాలిక లైసెన్స్) ఉంది, పెట్టడానికి చోటే లేదు. పాత అద్దెకు రెట్టింపు ఇస్తామన్నారు, పర్మిషన్లు వచ్చేదాకా షాపు వేరెవరికీ ఇవ్వకుండా ఆపినందుకు నెలనెలా కొంత విడిగా ఇస్తామన్నారు. తోడల్లుడు వెంటనే సంతకం పెట్టేద్దామంటున్నాడు. భార్య ససేమిరా అంటోంది. నర్సీపట్నంలో ఉన్న నాన్నగారు రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్, ఏజెన్సీ నుంచి దిగే గంజాయి లోడ్లు పట్టుకోవడంలోనే సర్వీసంతా గడిచిన మనిషి, విషయం విని మారు మాట లేకుండా ఫోన్ పెట్టేశారట. ఇది చాలదన్నట్టు వాళ్ల కాలనీ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఆర్డినెన్స్‌కు వ్యతిరేకంగా సంతకాలు సేకరిస్తున్నారు, ఈయన్ని కూడా పెట్టమని రెండుసార్లు అడిగారు. ఈయన ఆ మెసేజ్ తెరవకుండా నెట్టుకొస్తున్నారు.

చివర్లో ఇలా రాశారు: "రాష్ట్రం లీగల్ చేసింది. టౌన్‌షిప్ కూడా ఒప్పుకోబోతోంది. చట్టప్రకారం తప్పు లేనప్పుడు ఇంట్లో ఈ గొడవ ఎందుకో అర్థం కావడం లేదు. నేను ఒప్పుకోకపోతే తోడల్లుడితో చెడుతుంది, ఒప్పుకుంటే అందరితో చెడుతుంది. నన్నేం చేయమంటారు?"

అయ్యా, మీ ఉత్తరం నేను ఒకటికి రెండుసార్లు చదివాను. మీరు దీన్ని డబ్బుకీ పరువుకీ మధ్య గొడవగా చూస్తున్నారు, ఇంట్లో వాళ్లూ అలాగే చూస్తున్నట్టున్నారు. నాకు మాత్రం అంతకంటే పెద్ద విషయం కనబడుతోంది, ఉత్తరంలో మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లిపోయారు. అదే మీ ముగ్గురి గ్రీన్ కార్డుల సంగతి. అక్కడికి వస్తాను, ముందు టౌన్‌షిప్ చేతిలో ఏముందో, ఏం లేదో చూద్దాం, ఎందుకంటే మీ ధైర్యమంతా దానిమీదే నిలబడి ఉంది.

న్యూజెర్సీలో 2020 నవంబరులో ఓటర్లు గంజాయిని లీగల్ చేయడానికి ఒప్పుకున్నారు, 2021 ఫిబ్రవరి 22న గవర్నర్ ఫిల్ మర్ఫీ చట్టం మీద సంతకం పెట్టారు. ఆ చట్టం ఊళ్లకు 180 రోజులు గడువిచ్చింది. వద్దనుకున్న ఊరు ఆ ఏడాది ఆగస్టు 21లోగా వద్దని ఆర్డినెన్స్ చేయాల్సి ఉండింది. ఏమీ చేయకుండా కూర్చున్న ఊరు ఒప్పుకున్నట్టే, ఐదేళ్లదాకా వెనక్కి తగ్గే వీలు లేదు. అందుకే చాలా ఊళ్లు హడావుడిగా ముందు వద్దనేశాయి, ఎందుకంటే వద్దన్న ఊరు ఎప్పుడు కావాలంటే అప్పుడు సరే అనొచ్చు. మీ టౌన్‌షిప్ ఇప్పుడు చేస్తున్నది సరిగ్గా అదే. ఇందులో కుట్రేమీ లేదు. అమ్మకాల మీద 2 శాతం దాకా పన్ను ఊరు వేసుకోవచ్చు. ఒక దుకాణం ఏడాదికి 50 లక్షల డాలర్ల సరుకు అమ్మిందనుకుంటే ఊరికి లక్ష డాలర్లు. పక్క ఊరికి వెళ్తున్న ఆ డబ్బు మనకే వస్తే ప్రాపర్టీ టాక్సు మీద కొంత బరువు తగ్గుతుందని కౌన్సిల్ లెక్క. ఆ లెక్కతో మీరు ఏకీభవించొచ్చు, విభేదించొచ్చు, రెండూ న్యాయమే.

ఎన్ని దుకాణాలు, ఏ జోన్‌లో, బడికి ఎంత దూరంలో, ఎన్ని గంటలదాకా, పార్కింగు ఎంత, వాసన బయటికి రాకుండా ఏం చేయాలి, ఇవన్నీ ఊరి చేతిలో ఉన్నాయి. కానీ ఒకటి వాళ్ల చేతిలో లేదు. ఊరు దుకాణాలను పూర్తిగా నిషేధించినా, వేరే ఊరి నుంచి 21 ఏళ్లు దాటిన మనిషి ఇంటికి డెలివరీ రావడాన్ని ఆపే వీలు లేదు. మీ వాట్సాప్ గ్రూపులో "మన ఊళ్లోకి రానివ్వం" అంటున్నవాళ్లకు ఇది తెలుసో లేదో. దుకాణం రాకుండా ఆపగలరేమో గానీ, సరుకు ఊళ్లోకి రాకుండా ఆపలేరు.

ఇక ఆ సంతకాల సంగతి. ఇక్కడ జనం ఎక్కువగా పొరపడేది ఎప్పుడు మాట్లాడాలో తెలియక. ఆర్డినెన్స్ పాసయ్యాక, కంపెనీ ప్లానింగ్ బోర్డు (స్థలాల వాడకానికి అనుమతులిచ్చే ఊరి బోర్డు) ముందుకొచ్చిన రోజున రెండు వందల మంది వెళ్లి మాకు గంజాయి ఇష్టం లేదని ఎంత మొత్తుకున్నా ఫలితం ఉండదు. ఆర్డినెన్స్‌లో రాసిన షరతులన్నీ దరఖాస్తుదారు తీర్చితే, జనానికి నచ్చలేదన్న కారణంతో బోర్డు కాదనడం కోర్టులో నిలబడటం కష్టం. బోర్డు వినేది పార్కింగు, ట్రాఫిక్కు, లైట్లు, ప్రవేశద్వారం ఎటువైపు అన్న మాటలు. ఇష్టాయిష్టాలు చెప్పాల్సిన చోటు కౌన్సిల్, చెప్పాల్సిన సమయం రెండో రీడింగ్. ఆ రోజు పబ్లిక్ హియరింగ్ ఉంటుంది, ఎవరైనా మైకు దగ్గరికి వెళ్లి మాట్లాడొచ్చు. ఇంకో సంగతి, జోనింగ్ మార్పు (ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చన్న నియమం మార్పు) మీద పెట్టే పిటిషన్లలో అన్ని సంతకాలకూ ఒకే విలువ లేదు. మారుస్తున్న జోన్‌లో గానీ, దాని చుట్టూ 200 అడుగుల్లో గానీ ఉన్న భూమిలో 20 శాతానికి సొంతదారులు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, ఆర్డినెన్స్ పాసవడానికి కౌన్సిల్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. రెండు మైళ్ల అవతల కాలనీలో ఉన్నవాళ్ల సంతకాలకు ఆ బలం ఉండదు. మీ ప్లాజా ఆ హైవే జోన్‌లోనే ఉంది కాబట్టి మీ సంతకానికి ఉంటుంది! అంటే ఈ గొడవలో మీరు అనుకుంటున్నట్టు పక్కన నిలబడ్డ మనిషి కారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

టౌన్‌షిప్ ఇచ్చే పర్మిషన్ టౌన్‌షిప్ దాకే. రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ రాష్ట్రం దాకే. మీ గ్రీన్ కార్డు ఇచ్చింది ఫెడరల్ ప్రభుత్వం, వాళ్ల చట్టంలో గంజాయి ఇప్పటికీ నియంత్రిత పదార్థమే. దాని షెడ్యూల్, అంటే ఆ చట్టంలో అది ఉన్న వర్గం, మారుస్తామని 2024లో ప్రతిపాదన వచ్చింది, దాన్ని పట్టుకుని కంపెనీ మనిషి మీకు ధైర్యం చెప్పే ఉంటాడు. షెడ్యూలు మారినంత మాత్రాన ఆ చట్టం కింద నుంచి బయటపడ్డట్టు కాదు. గంజాయి అమ్ముతారని తెలిసి చోటు అద్దెకివ్వడం కూడా ఆ చట్టంలో ఒక నేరం. రాష్ట్రం లైసెన్స్ ఉన్న దుకాణాలకు చోటిచ్చిన ఓనర్ల మీద ఫెడరల్ కేసులు ఈ మధ్య పెద్దగా కనబడటం లేదు, ఆ మాట నిజమే, మీ తోడల్లుడి ధీమా కూడా అదే అనుకుంటాను. ఆయన సిటిజన్, ఆయన లెక్క వేరు.

మీ విషయంలో ఇమిగ్రేషన్ వాళ్లకు కేసు అక్కర్లేదు, శిక్ష పడక్కర్లేదు. నియంత్రిత పదార్థాల వ్యాపారంలో తెలిసి పాలుపంచుకున్నాడని, లేదా సాయపడ్డాడని "నమ్మడానికి కారణం" ఉంటే చాలు, దేశంలోకి రానివ్వకపోవడానికి. సెలవులకు ఇండియా వెళ్లి నెవార్క్‌లో దిగినప్పుడు గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను కూడా ఈ కారణంతో ఆపొచ్చు. నన్ను ఎక్కువ భయపెట్టిన భాగం ఇంకొకటి ఉంది. అలాంటి వ్యాపారం నుంచి గత ఐదేళ్లలో డబ్బు లబ్ధి పొందిన భార్యకు, పిల్లలకు కూడా, ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తోందో తెలిస్తే లేదా తెలిసి ఉండాల్సిందని అనిపిస్తే, ఇదే నిబంధన వర్తిస్తుంది. మీ ఆవిడ వద్దంటున్నది మడి కట్టుకుని అంటోందని మీరు ఉత్తరంలో రాశారు. ఆవిడకు ఈ సెక్షన్లు తెలియకపోవచ్చు గానీ, ఆవిడ కార్డు కూడా ఇందులో ఉంది.

సిటిజన్‌షిప్ దగ్గర ఇంకా సూటిగా ఉంది. గ్రీన్ కార్డులు, సిటిజన్‌షిప్ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యు.ఎస్.సి.ఐ.ఎస్. 2019 ఏప్రిల్‌లో ఒక పాలసీ ఇచ్చింది. రాష్ట్రంలో లీగలైనా సరే, గంజాయికి సంబంధించిన పనులు, ఆ పరిశ్రమలో ఉద్యోగంతో సహా, సత్ప్రవర్తన నిరూపించుకోవడానికి అడ్డు కావచ్చని అందులో ఉంది. మీరు అప్లై చేసేటప్పుడు వెనక్కి ఐదేళ్లు చూస్తారు, ఫారంలో డ్రగ్స్ గురించి ప్రశ్నలుంటాయి, అవునని రాసినా ఇబ్బందే, కాదని రాసి తర్వాత తేలితే ఇంకా ఇబ్బంది. ఓనర్‌గా అద్దె తీసుకోవడం సాయపడటం కిందికి వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకోవచ్చు. ఆ వాదన మీ ఇంటర్వ్యూ గదిలో జరగడం మీకు కావాలా?

మీ అమ్మాయి వయసు కూడా గుర్తుంచుకోండి. మీలో ఒకరు సిటిజన్ అయ్యేనాటికి అమ్మాయికి 18 నిండకుండా, గ్రీన్ కార్డుతో మీ దగ్గరే ఉంటే, తనకు సిటిజన్‌షిప్ దానంతటదే వచ్చేస్తుంది. ఇప్పుడు పదహారు. మీ అప్లికేషన్ ఒక్క ఏడాది ఇరుక్కుపోయినా ఆ అవకాశం చేజారిపోతుంది. రెట్టింపు అద్దె ఎంత వస్తుందో లెక్క వేసుకున్నారు కదా, పక్కన ఇది కూడా రాసుకోండి.

సంతకం పెట్టినా గుట్టుగా ఉంటుందిలే అనుకుంటున్నారేమో, ఉండదు. దరఖాస్తుదారు స్థలం సొంతదారు కానప్పుడు, ఓనరు ఒప్పుకున్నట్టు సంతకం చేసిన కాగితం ప్లానింగ్ బోర్డు దరఖాస్తుతో పాటు పెట్టాలి. హియరింగుకు కనీసం పది రోజుల ముందు, 200 అడుగుల లోపు ప్రతి ఆస్తి సొంతదారుకూ నోటీసు వెళ్తుంది, పేపర్లో ప్రకటన పడుతుంది. ఆ ఫైలు ఎవరడిగినా చూపించాల్సిన పబ్లిక్ రికార్డు. మీ గ్రూపులో ఒక్కరికి ఆ కవరు వచ్చిందంటే సాయంత్రానికి ఫోటో అందరి ఫోన్లలో ఉంటుంది.

మరి మీ ముందు ఏ దారులున్నాయి?

ఒకటి, లీజుకు ఒప్పుకోవడం. పైన చెప్పినవన్నీ తెలిసి కూడా ఇటే వెళ్లాలనుకుంటే, సంతకానికి ముందు రెండు పనులు చేయండి. ఒక ఇమిగ్రేషన్ లాయరు దగ్గర రాతపూర్వకంగా సలహా తీసుకోండి, కంపెనీ చూపించిన లాయరు కాదు, లీజులు రాసే లాయరూ కాదు. తర్వాత మీ బ్యాంకు లోను కాగితాలు తీసి చదవండి. ఆస్తిని ఫెడరల్ చట్టాలతో సహా అన్ని చట్టాలకూ లోబడి వాడుతామన్న మాట వాటిలో సాధారణంగా ఉంటుంది, అది తప్పితే లోను మొత్తం ఒకేసారి కట్టమనే హక్కు బ్యాంకుకు ఉంటుంది. అప్పుడు రెట్టింపు అద్దె ఏ మూలకూ చాలదు. ఇన్సూరెన్స్ వాళ్లనూ అడగాలి.

రెండు, మీ సగం వాటా తోడల్లుడికి అమ్మేసి బయటికి రావడం. ఇది వినడానికి శుభ్రంగా ఉంది. అయితే ఆయన మీకు డబ్బు ఎలా ఇస్తాడన్నది ముఖ్యం. "ఇప్పుడు కొంత, మిగతాది అద్దె వచ్చాక నెలనెలా" అంటే మీరు ఆ అద్దే తింటున్నట్టు లెక్క, బయటపడ్డట్టు కాదు. మొత్తం ఒకేసారి ఇవ్వాలి, లోనులో మీ పేరు, మీ గ్యారంటీ తీసేయాలి, అదంతా ఏ లీజు కాగితం మీదా సంతకం పడకముందే జరగాలి. ఆయన దగ్గర అంత డబ్బు లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే. అదీగాక ప్లాజా మీ ఇద్దరిదీ కాబట్టి మంచి రోజుల్లో వచ్చే లాభం వదులుకుంటున్నారు, అది కూడా నష్టమే.

మూడు, సిటిజన్‌షిప్ వచ్చాక చూద్దామనడం. కంపెనీ ఆగదు. మీ ఊళ్లో రెండు దుకాణాలకే చోటుంది, వాళ్లు ఎదురు ప్లాజాకు వెళ్తారు. తోడల్లుడికి ఇది పోగొట్టుకున్న డబ్బులాగే కనిపిస్తుంది. ఇంకో చిక్కు, "తర్వాత ఇస్తాం" అని ఇప్పుడు ఏ కాగితం రాసుకున్నా, నెలనెలా షాపు ఆపినందుకు డబ్బు తీసుకున్నా, అదీ ఆ వ్యాపారం తాలూకు డబ్బే. కాబట్టి ఆగడమంటే పూర్తిగా ఆగడం.

నాలుగు, వద్దని చెప్పేసి ఆ షాపుకు వేరే మనిషిని వెతుక్కోవడం. అద్దె తక్కువే వస్తుంది, ఇంకో ఆరు నెలలు ఖాళీగా ఉన్నా ఉండొచ్చు. నా మనసు దీనివైపే ఉందని దాచను. మీ ప్లాజా కాగితాల్లో ఇలాంటి లీజుకు ఇద్దరి సంతకాలూ కావాలని ఉందేమో చూడండి, ఉంటే మీరు వద్దంటే ఆగిపోతుంది. లేకపోతే తోడల్లుడు ఒక్కడే సంతకం పెట్టినా మీ సగం వాటాకు వచ్చే డబ్బు అదే అవుతుంది, అప్పుడు రెండో దారి తప్పదు.

తోడల్లుడితో ఎలా మాట్లాడాలని అడిగారు. నాన్నగారి బాధను, గ్రూపులో వాళ్ల కోపాన్ని ఆయన ముందు పెట్టకండి. అవి ఆయనకు మీ చాదస్తంలా వినిపిస్తాయి, నువ్వు జనానికి భయపడుతున్నావంటాడు, మాట అక్కణ్నుంచి పక్కదారి పడుతుంది. ఫోన్లో వద్దు, ఇంటికెళ్లి కూర్చుని చెప్పండి: "అన్నయ్యా, డబ్బు చేదై కాదు. నీకు పాస్‌పోర్టు ఉంది, మాకింకా లేదు. నాదీ, నీ మరదలిదీ, పిల్లదీ కార్డులు ముగ్గురివీ దీనిమీద ఉన్నాయి. లాయరు దగ్గరికి నువ్వూ రా, నీ చెవులతోనే విను." ఆయన్ని లాయరు దగ్గరికి తీసుకెళ్లడం చాలా అవసరం. మీరు చెబితే వంక అనిపించేది లాయరు నోట వింటే లెక్క అనిపిస్తుంది. అక్కాచెల్లెళ్లను మాత్రం ఈ మాటల్లోకి దింపకండి, మీ ఇద్దరి వ్యాపారం మీ ఇద్దరూ తేల్చుకోండి.

నాన్నగారికి మాత్రం ఈ సెక్షన్లేవీ చెప్పక్కర్లేదు. ఆయన బాధ వేరు, ఆయన చూసిన గంజాయి వేరు. అక్కడ ఇప్పటికీ అది 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. (మత్తుపదార్థాల) చట్టం కింద ఏళ్ల తరబడి జైలు, ఆ లోడ్లు మోసి పట్టుబడ్డ కుర్రాళ్లను ఆయన స్టేషన్లో దగ్గరగా చూశారు. మీరు నిర్ణయం తీసుకున్నాక ఫోన్ చేసి అదేంటో చెప్పండి, వాదించకండి.

గ్రూపులో మౌనం ఇక చాలు. మీరు వద్దనుకున్నా, ఒప్పుకున్నా, ఆ ప్లాజా మీదేనని వాళ్లకు ఏదో ఒక రోజు తెలుస్తుంది, ఆ రోజు ఇన్నాళ్లూ మాట్లాడలేదేమని అడుగుతారు. తోడల్లుడితో తేల్చుకునేదాకా సంతకం పెట్టకండి, ఆయన బేరమాడుతుంటే మీరు వ్యతిరేకంగా సంతకం పెట్టడం ఇద్దరికీ అన్యాయం. "ఆ జోన్‌లో మాకు ఆస్తి ఉంది, అందుకే ఇప్పుడు సంతకం పెట్టలేను, రెండో రీడింగ్‌కు వస్తాను" అని ఒక్క మెసేజ్ పెట్టండి. ట్యూషన్ ఆవిడకు మాత్రం గ్రూపులో కాదు, షాపుకెళ్లి చెప్పండి. ఆవిడ మీకు అద్దె కడుతున్న మనిషి, పిల్లల తల్లిదండ్రులు రేపు ఆవిణ్నే అడుగుతారు.

ఆ రెండో రీడింగ్‌కు మాత్రం తప్పకుండా వెళ్లండి, లీజు వద్దనుకున్నా సరే, ఎందుకంటే దుకాణం మీ ప్లాజాలోకి రాకపోయినా ఎదురు ప్లాజాలోకి రావచ్చు. ఆర్డినెన్స్ కాపీ టౌన్‌షిప్ క్లర్క్ ఆఫీసులో దొరుకుతుంది, ముందు చదవండి. బడికి దూరం రాశారు సరే, ట్యూషన్ సెంటర్లు, డ్యాన్స్ క్లాసుల సంగతి రాశారా? పిల్లలు ఎక్కువగా ఉండే సాయంత్రం వేళల్లో పార్కింగుకు ఏం ఏర్పాటు? వాసన వస్తోందని ఫిర్యాదు చేస్తే ఎవరు వచ్చి చూస్తారు, ఎన్ని రోజుల్లో? లైసెన్స్ ఏటా కొత్తగా ఇస్తారా, ఫిర్యాదులుంటే ఆపగలరా? ఆ 2 శాతం డబ్బు దేనికి ఖర్చు పెడతారు? ఒకసారి దుకాణం తెరిచాక ఊరు మనసు మార్చుకుని మళ్లీ వద్దన్నా, ఆ నిషేధం కొత్తగా వచ్చేవాళ్లకు పడుతుంది గానీ నడుస్తున్న దుకాణాన్ని మూయించడం దాదాపు కుదరదు, కాబట్టి షరతులేవైనా రాయించుకోవాలంటే ఇదే సమయం. మైకు దగ్గర మీకిచ్చేది కొద్ది నిమిషాలే, ప్రశ్నలు కాగితం మీద రాసుకుని ఒక కాపీ క్లర్క్‌కు ఇవ్వండి, రికార్డులోకి వెళ్తుంది.

నేను లాయర్ని కాను, ఇమిగ్రేషన్ లాయర్ని కలిసేదాకా ఆ కంపెనీ మనిషికి ఈమెయిల్లో కూడా "ఆలోచిస్తాం" అనే మాట రాయొద్దు. లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ముగ్గురి గ్రీన్ కార్డుల కాపీలు, ప్లాజాపై మీ ఇద్దరి అగ్రిమెంటు, లోను కాగితాలు, కంపెనీ వాళ్లు పంపిన ప్రతిపాదన పట్టుకెళ్లండి. సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే వేసుకోవచ్చు, అమ్మాయి వయసు దృష్టిలో పెట్టుకుని ఆ తేదీ ఎప్పుడొస్తుందో కూడా ఆ రోజే లెక్క కట్టించుకోండి.